కంటైనరు ఎప్పుడు బయలుదేరినట్టు?

భీమవరం దగ్గరి రొయ్యల ప్లాంటు ఒకటి రీఫర్ కంటైనరులో, అంటే చల్లగా ఉంచే పెట్టెలో, సరుకు నింపి, సీలు వేసి, విశాఖపట్నం పోర్టుకు పంపిందనుకుందాం. అది ఎన్నింటికి బయలుదేరింది? గేటు రిజిస్టరులో రాత్రి 9.40 అని ఉంది. సరుకు రవాణాకి జీఎస్టీ కోసం ఆన్‌లైన్లో తీసే ఈ-వే బిల్లులో వాహనం నంబరు ఎక్కించింది సాయంత్రం 6.15కి. గుమస్తా ఇంటికి వెళ్లే ముందే ఆ పని ముగించుకున్నాడు. ట్రైలరుకున్న జీపీఎస్ 10.05 అంటుంది, ఎందుకంటే ప్లాంటు చుట్టూ మ్యాపులో గీసిన హద్దును బండి దాటింది అప్పుడే. ఫాస్టాగ్‌కి ఆ బండి మొదట కనబడేది రావులపాలెం దాటే దారిలో ఈతకోట టోల్‌గేటు దగ్గర, అర్ధరాత్రి తర్వాత. షిప్పింగ్ కంపెనీ కంప్యూటరుకైతే పోర్టు గేటు లోపలికి వెళ్లేదాకా ఆ కంటైనరు ఇంకా ఎక్కడో ఖాళీగా ఉన్నట్టే లెక్క.

ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒక్కో వ్యవస్థ తన అవసరం కోసం పుట్టింది, ఆ అవసరం మేరకే చూస్తుంది. ఈ-వే బిల్లు పన్ను కోసం, ఫాస్టాగ్ టోల్ కోసం, గేటు రిజిస్టరు వాచ్‌మన్ జవాబుదారీ కోసం. ఇప్పుడు ప్లాంటు యజమాని ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని పిలిచి, ‘వీటన్నిటినీ కలిపి నా సరుకు ఎక్కడుందో ఒకే స్క్రీను మీద చూపించు బాబూ’ అంటాడు. లాజిస్టిక్స్ డేటా ఇంటిగ్రేషన్ అంటే ఈ పనే. వినడానికి నాలుగు ఏపీఐలు, అంటే ఒక ప్రోగ్రాం ఇంకోదాన్ని సమాచారం అడిగే దారులు, కలపడంలా ఉంటుంది. ఆ కలపడం కొద్ది వారాల్లో అయిపోతుంది. నెలలు తినేది వేరే ఉంది.

ముందు తేలిక సంగతి చెప్పేస్తాను. పది వ్యవస్థలుండి ప్రతిదాన్నీ ప్రతిదానితో నేరుగా కలిపితే 45 లంకెలు అవుతాయి. ఒక్కో లంకెకూ ఒక తర్జుమా ప్రోగ్రాం రాయాలి. అందుకని మధ్యలో ఒక ఉమ్మడి నమూనా పెట్టుకుని, వచ్చే ప్రతి సమాచారాన్నీ దాంట్లోకి మార్చుకుంటారు. పోర్టులూ షిప్పింగ్ కంపెనీలూ చాలావరకు ఇప్పటికీ ఎడిఫ్యాక్ట్ అనే పాత పద్ధతిలోనే సందేశాలు పంపుకుంటాయి. దాని వ్యాకరణానికి 1987లో అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. కంటైనరు గేటు లోపలికో బయటికో వెళ్తే కోడెకో అనే సందేశం, ఓడలోకి ఎక్కితే కోఆరీ, ఓడలో ఏ పెట్టె ఎక్కడుందో చెప్పడానికి బాప్లీ. కొత్త కంపెనీలు జేసన్ అనే కొత్త పద్ధతిలో ఇస్తాయి. చిన్న ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు ఎక్సెల్ ఇస్తాయి. ఇంకా చిన్నవాళ్లు కాగితాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు. వీటన్నిటినీ చదివే ప్రోగ్రాములు రాయడం విసుగు పుట్టించే పనే తప్ప కష్టం కాదు.

ఇది ఏ సరుకు?

కష్టం మొదలయ్యేది గుర్తింపు దగ్గర. గేటు రిజిస్టరులోని ఎంట్రీ, ఈ-వే బిల్లు, జీపీఎస్ జాడ, పోర్టు సందేశం – ఈ నాలుగూ ఒకే లోడు గురించేనని ఎలా తేల్చాలి? అన్నిట్లో ఉండే ఉమ్మడి నంబరు ఏదీ లేదు. ఫాస్టాగ్‌కి బండి నంబరు తెలుసు, కంటైనరు తెలియదు. అదే బండి ఖాళీగా తిరిగొచ్చినా టోల్‌గేటులో అలాగే పడుతుంది. పోర్టుకి కంటైనరు నంబరు ముఖ్యం, కస్టమ్స్‌కి షిప్పింగ్ బిల్లు నంబరు ముఖ్యం. ఇక చెరువు నుంచి ప్లాంటుకి వచ్చే తాజా రొయ్యలకు జీఎస్టీ లేదు కాబట్టి ఆ మొదటి అంచెలో ఈ-వే బిల్లే ఉండదు. కాటా చీటీ, ఏజెంటు పుస్తకం, అంతే.

ఉన్నవాటిలో కంటైనరు నంబరు ఒక్కటి చాలా తెలివిగా చేసింది. నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర ఒక తనిఖీ అంకె. పాఠాల్లో తరచుగా ఇచ్చే ఉదాహరణ సీఎస్‌క్యూయూ 305438, తనిఖీ అంకె 3. ప్రతి అక్షరానికీ ఒక విలువ ఉంటుంది. పదకొండుతో భాగించబడే 11, 22, 33 విలువలను వదిలేస్తారు. ఒక్కో స్థానాన్నీ 1, 2, 4, 8 ఇలా రెట్టింపవుతూ పోయే అంకెలతో హెచ్చవేసి కూడితే ఈ నంబరుకి 6185 వస్తుంది. దాన్ని 11తో భాగిస్తే శేషం 3. ఫోనులో చెబుతున్నప్పుడు ఒక అంకె తప్పు విన్నా, పక్కపక్క అంకెలు తారుమారైనా దాదాపు ఎప్పుడూ లెక్క తప్పి, అక్కడికక్కడే దొరికిపోతుంది. ఇలాంటి రక్షణ లారీ నంబరుకి లేదు. ‘ఏపీ 05’, ‘ఏపీ-5’, ‘ఏపీ05’ మూడూ ఒకటేనని మనిషికి తెలుస్తుంది, కంప్యూటరుకి చెప్పాలి. సున్నాకీ ఇంగ్లిషు ‘ఓ’ అక్షరానికీ తేడా పట్టించుకోని గుమస్తాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

ఎక్సెల్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ-వే బిల్లు నంబరుకి 12 అంకెలు. మామూలు గడిలో పదకొండు అంకెలు దాటిన సంఖ్యను ఎక్సెల్ 1.23457ఈ+11 లాగా కుదించి చూపిస్తుంది. తెర మీద అలా ఉన్న ఫైలుని సీఎస్‌వీ అనే సాదా అక్షరాల ఫైలుగా సేవ్ చేస్తే, ఆ కుదించిన రూపమే ఫైలులోకి పోతుంది. మిగతా అంకెలు ఇక దొరకవు. ఒక్క అంకె తక్కువుండుంటే ఎంతమందికి టెన్షన్ తప్పేదో! అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లు వచ్చిన ఫైలుని వచ్చినట్టే, ఒక్క అక్షరం కూడా మార్చకుండా పక్కన దాచి, ఆ తర్వాతే దాని మీద చెయ్యి వేస్తారు. పాత అను ఫాంట్లలో టైపు చేసిన ఊళ్ల జాబితాలు వచ్చినప్పుడూ ఇదే జాగ్రత్త. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అవి అర్థంలేని ఇంగ్లిషు గుర్తులుగా కనిపిస్తాయి.

గుర్తింపులో ఇంకో మెలిక, సరుకు విడిపోవడం, కలిసిపోవడం. ఒక చెరువు పట్టుబడి ప్లాంటుకి వచ్చాక సైజుల వారీగా విడిపోతుంది. ఒక కంటైనరులోకి ఎన్నో చెరువుల సరుకు చేరుతుంది. అమెరికా తన సముద్ర ఉత్పత్తుల దిగుమతి పర్యవేక్షణ నిబంధనలను 2018 డిసెంబరు 31 నుంచి రొయ్యలకు కూడా వర్తింపజేసింది. అంటే ఫలానా లోడులోని రొయ్యలు ఎక్కడ పెరిగాయో వెనక్కి తవ్వి చూపించగలగాలి. ‘ఒక లోడుకి ఒక చెరువు’ అనే గడి పెట్టి కట్టిన డేటాబేసు ఇక్కడ పనికిరాదు. బార్‌కోడ్‌ల ప్రమాణాలు చూసే జీఎస్1 సంస్థ ప్రమాణం ఎపిసిస్‌లో దీనికోసమే వేర్వేరు రకాల సంఘటనలున్నాయి. పెట్టెల్ని ప్యాలెట్‌గా కట్టడం ఒక రకం, ముడిసరుకు వేరే సరుకుగా మారిపోవడం ఇంకో రకం. మొదటిదాంట్లో కట్టు విప్పితే పాత పెట్టెలు తిరిగి దొరుకుతాయి. రెండోదాంట్లో తల తీసిన రొయ్యకి తల తిరిగి రాదు.

నలభై కౌంటు అంటే ఎంత?

చెరువు గట్టు మీద 40 కౌంటు అంటే కిలోకి నలభై రొయ్యలు, తలతో సహా. ఒక్కోటి 25 గ్రాములు. ఎగుమతి కాగితం మీద 26/30 అని ఉంటే అది పౌనుకి లెక్క, అంటే 453.6 గ్రాములకి 26 నుంచి 30, సాధారణంగా తల తీసినవి. తల పోతే బరువులో మూడో వంతుకు పైగా పోతుంది. 25 గ్రాముల రొయ్య 16 గ్రాములకు అటూఇటూ అవుతుంది. పౌనుకి లెక్కేస్తే 28 దాకా. అంటే గట్టు మీది 40 కౌంటే పెట్టె మీద 26/30గా మారింది. రెండు వ్యవస్థల్లోనూ ఆ గడి పేరు ‘కౌంట్’ అనే ఉంటుంది, రెంటిలోనూ అంకెలే ఉంటాయి. ప్రోగ్రాం ఏ ఎర్రరూ ఇవ్వకుండా రెంటినీ పోల్చి, సరుకు పెద్దదైపోయిందని రిపోర్టు ఇస్తుంది.

బస్తాదీ అదే గొడవ. ధాన్యం బస్తా గోదావరి జిల్లాల్లో 75 కిలోలు, బియ్యం బస్తా 50 కావచ్చు, 25 కావచ్చు. 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా ఉన్న లేబులు ప్యాకెట్ల మీద 5 శాతం జీఎస్టీ వేశాక 26 కిలోల బస్తాలు మార్కెట్లోకి వచ్చాయి. ఒక్క కిలో కోసం! అంబాజీపేట కొబ్బరి కాయల లెక్క, రావులపాలెం అరటి గెలల లెక్క. లారీవాడికి మాత్రం టన్నులు కావాలి. ఘనీభవించిన రొయ్యల మీద మంచు పొర ఉంటుంది కాబట్టి దాని బరువుతో ఒక లెక్క, అది తీసేసి ఒక లెక్క. నా ఉద్దేశంలో వీటన్నిటినీ వచ్చీరాగానే కిలోల్లోకి మార్చేయడం తొందరపాటు. వచ్చిన అంకె, దాని కొలత, ఏ స్థితిలో కొలిచారు అన్న మూడింటినీ విడివిడిగా ఉంచి, మార్చిన కిలోలను నాలుగో గడిలో పెట్టుకోవాలి. మార్చే సూత్రం రేపు మారితే అప్పుడు పాతదాన్ని మళ్లీ లెక్కగట్టుకోవచ్చు.

ఊరు కదలదు, జిల్లా కదులుతుంది

డెల్టాలో పనిచేసిన ఇంజనీరుకి భూగోళం పాఠం కొత్తగా నేర్చుకున్నట్టుంటుంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. కాకినాడ, కోనసీమ, ఏలూరు వేరు జిల్లాలయ్యాయి. పేర్లు మారినవాటితో పెద్ద ఇబ్బంది లేదు, కొత్త పేరు వస్తే ప్రోగ్రాం గుర్తుపట్టలేక ఆగిపోతుంది, మనకి తెలుస్తుంది. పేరు అలాగే ఉండి నేల మారినవాటితోనే చిక్కు. పాత తూర్పు గోదావరికి తొండంగి మండలం నుంచి అంతర్వేది దాకా సముద్రతీరం ఉండేది. కొత్త తూర్పు గోదావరి రాజమహేంద్రవరం కేంద్రంగా ఏర్పడింది, దానికి తీరమే లేదు. పైగా పశ్చిమ గోదావరిలోని కొవ్వూరు, నిడదవోలు అందులోకి వచ్చాయి. ‘జిల్లాల వారీగా రొయ్యల లోడులు’ అని 2021నీ 2023నీ పక్కపక్కన పెట్టి గ్రాఫు గీస్తే తూర్పు గోదావరిలో ఆక్వా కుప్పకూలినట్టు కనిపిస్తుంది. చెరువులు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. కృష్ణా జిల్లా కైకలూరు చేపలు అదే తేదీన ఏలూరు జిల్లా చేపలైపోయాయి.

దీనికి విరుగుడు తెలిసిందే. ఊరు పేరునో జిల్లా పేరునో రికార్డుల్ని కలిపే తాళంచెవిగా వాడకూడదు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నిర్వహించే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ఊళ్లకీ మండలాలకీ జిల్లాలకీ కోడ్‌లున్నాయి. ఊరి కోడ్ పెట్టుకుని, ‘ఈ ఊరు ఈ తేదీ నుంచి ఈ తేదీ దాకా ఈ జిల్లాలో’ అని పక్కన రాసుకోవాలి. తెలిసినా ఎందుకు చేయరంటే, మొదటిరోజు అది అనవసరపు ఖర్చులా కనిపిస్తుంది.

ఇక యానాం. కాకినాడ నుంచి అమలాపురం వెళ్లే 216 నంబరు జాతీయ రహదారి యానాం మీదుగా పోతుంది, ఎదుర్లంక వంతెన దాటితే కోనసీమ. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. దాని పిన్ కోడ్ 533464. చుట్టూ ఉన్న ఆంధ్ర ఊళ్లలాగే 533తో మొదలవుతుంది. పిన్ కోడ్ మొదటి అంకెలు చూసి రాష్ట్రం నిర్ణయించే చిన్న ప్రోగ్రాములు ఎన్నో చోట్ల ఉంటాయి, అవి యానాం వ్యాపారిని ఆంధ్రప్రదేశ్‌లో వేసేస్తాయి. జీఎస్టీలో ఆంధ్రప్రదేశ్ కోడ్ 37, పుదుచ్చేరి కోడ్ 34. కాకినాడ నుంచి యానాంకి సరుకు అమ్మితే అంతర్రాష్ట్ర అమ్మకం, పన్ను వేరే రకం. కాకినాడ నుంచి అమలాపురానికి అమ్మితే రాష్ట్రంలో అమ్మకమే, లారీ మాత్రం దారిలో కాసేపు పుదుచ్చేరిలో ఉంటుంది. ‘బండి రాష్ట్రం దాటితే అలర్ట్ పంపు’ అని జీపీఎస్‌కి నియమం రాసినవాడికి ఈ రోడ్డు మీద ఫోను మోగుతూనే ఉంటుంది. ఆ 37 సంగతి కూడా చూడండి. జీఎస్టీ నంబరులో రాష్ట్రం, పాత లారీ నంబరు ప్లేటు మీద పశ్చిమ గోదావరి. రెండు గడుల్ని ఎవరైనా పొరపాటున కలిపితే అంకె చూసి పట్టుకోవడం కష్టం.

రైలు మీద పోయే సరుకుకి ఇంకో రకం. కాకినాడ టౌన్ స్టేషన్ కోడ్ సీసీటీ. ఊరిని ఇంగ్లిషువాళ్లు కోకనాడ అన్న రోజుల నాటిది, అలాగే ఉండిపోయింది. అదే మంచిది కూడా. కోడ్ అర్థవంతంగా ఉండనక్కర్లేదు, మారకుండా ఉంటే చాలు. నరసాపురం విషయంలో పేరుని నమ్మితే సరుకు తెలంగాణలోని నర్సాపూర్ లెక్కలోకి పోవచ్చు. కొత్తపేట అయితే చెప్పనే అక్కర్లేదు.

ఆలస్యంగా వచ్చే కబురు

గోదావరి లంకల్లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. డ్రైవరు ఫోనులోని యాప్ ‘లోడింగ్ అయింది’ అన్న కబురుని దాచుకుని, గంట తర్వాత హైవే ఎక్కాక పంపుతుంది. ఈలోగా జీపీఎస్ నుంచి ‘బయలుదేరింది’ వచ్చేసి ఉంటుంది. వచ్చిన వరసలో స్థితిని మార్చుకుంటూ పోతే, రోడ్డు మీదున్న లారీ స్క్రీను మీద వెనక్కి నడిచి మళ్లీ చెరువు గట్టుకి చేరుతుంది. అందుకని ప్రతి కబురుకీ రెండు సమయాలుంచాలి. జరిగింది ఎప్పుడు, మనకి తెలిసింది ఎప్పుడు. ఎపిసిస్‌లో ఈ రెండూ వేర్వేరు గడులు, సంఘటన జరిగిన చోటి టైమ్ జోన్ తేడాకి మూడో గడి కూడా ఉంది. మన సమయం అంతర్జాతీయ సమయానికి ఐదున్నర గంటలు ముందు. జోన్ రాయకుండా వచ్చిన సందేశాల్లో తేడా సరిగ్గా ఐదున్నర గంటలుంటే ఇంజనీరుకి వెంటనే వెలుగుతుంది.

ఒకే కబురు రెండుసార్లు రావడం మామూలే. పంపినవాడికి రసీదు అందకపోతే మళ్లీ పంపుతాడు. అది తప్పు కాదు, అసలు రాకపోవడం కంటే నయమని అలాగే తయారుచేస్తారు. కబురుతో పాటు మారని గుర్తింపు సంఖ్య ఉంటే రెండోదాన్ని పక్కన పడేయొచ్చు. రద్దులు ఇంకొంచెం ఓపిక అడుగుతాయి. ఈ-వే బిల్లులో సరుకు వివరాలు తప్పుపడితే దిద్దే వీల్లేదు, 24 గంటల్లోపు రద్దు చేసి కొత్తది తీయాలి. వాహనం మాత్రం మార్చుకోవచ్చు. కాబట్టి ఒకే లోడుకి రెండు బిల్లులు కనబడొచ్చు, అందులో ఒకటి చచ్చిపోయింది. చచ్చిన బిల్లుని డేటాబేసు నుంచి చెరిపేస్తే, దాన్ని పట్టుకుని మధ్యాహ్నం ఎవరో పంపిన మెసేజీ దేని గురించో ఎవరికీ అర్థం కాదు.

2022 సెప్టెంబరు 17న జాతీయ లాజిస్టిక్స్ విధానంతో పాటు యులిప్ వచ్చింది. వాహన రిజిస్ట్రేషన్ వివరాల వాహన్, డ్రైవింగ్ లైసెన్సుల సారథి, ఫాస్టాగ్, రైల్వే సరుకు రవాణా, కస్టమ్స్ ఇలా ప్రభుత్వ వ్యవస్థల సమాచారాన్ని ఒకే తలుపు నుంచి ఏపీఐల ద్వారా ఇస్తుంది. ఇది నిజంగా మేలు. అంతకుముందు ఒక్కో శాఖ గుమ్మం విడివిడిగా తొక్కాల్సి వచ్చేది. కానీ తలుపు ఒకటైనంత మాత్రాన లోపలున్నవాళ్లంతా ఒకే మాట చెప్పరు. టోల్‌గేటులో పడిన బండి మీద ఆ రోజు ఏ కంటైనరుందో యులిప్ వచ్చాక కూడా మీరే జతపరచుకోవాలి.

జత కుదిర్చే పనిలో నాకు నచ్చిన పద్ధతి, ప్రతి కబురునీ సాక్షి వాంగ్మూలంలా చూడటం. ‘బయలుదేరిన సమయం’ అని ఒక్క గడి పెట్టి, చివర ఎవరు రాస్తే అదే నిజమనుకోవడం చాలా డాష్‌బోర్డుల్లో జరిగే పని. దాని బదులు ఎవరు చెప్పారు, దేని గురించి, ఏమని, ఎప్పుడని – ఇవన్నీ చెరపకుండా వరసగా రాసుకుంటూ పోవాలి. షిప్పింగ్ కంపెనీలు 2019లో కలిసి పెట్టుకున్న డీసీఎస్‌ఏ అనే సంస్థ ట్రాకింగ్ ప్రమాణంలో ప్రతి సంఘటన మీదా అది అనుకున్నదా, అంచనా వేసిందా, జరిగిందా అన్న ముద్ర ఉంటుంది. మన గుమస్తా 6.15కి నింపిన ఈ-వే బిల్లు ఆ లెక్కన ఉద్దేశం మాత్రమే. గేటు రిజిస్టరు 9.40 జరిగిన సంగతి. ఇక స్క్రీను మీద ఏది చూపించాలన్నది అడిగేవాణ్ణి బట్టి. బిల్లు గడువు లెక్కించేవాడికి 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున 6.15 నుంచే గడియారం నడుస్తోంది. కరెంటు లేకుండా రీఫర్ ఎంతసేపుందో చూసేవాడికి 9.40 కావాలి. ఒకే నిజం కావాలని పట్టుబట్టే మేనేజర్లకి ఇది నచ్చదు, ఇద్దరికీ రెండు వేర్వేరు రిపోర్టులు పేర్లతో సహా ఇస్తే సర్దుకుంటారు.

ఎన్ని నియమాలు రాసినా కొన్ని వరసలు దేనితోనూ జతపడవు. పేర్ల పోలికను బట్టి కంప్యూటరే కలిపేసేలా చేయడం ఈ మధ్య తేలికైంది. సూచనగా చూపిస్తే మంచిదే, నిర్ణయం దానికి వదిలేస్తే నరసాపురం సరుకు మళ్లీ నర్సాపూర్ పోతుంది. మిగిలిన వరసలకి ఒక స్క్రీను కావాలి. ఎడమవైపు జతలేని కబురు, కుడివైపు దగ్గరగా ఉన్న రెండు మూడు లోడులు, ఎందుకు దగ్గరో తెలుగులో ఒక వాక్యం. ఆ స్క్రీను ముందు కూర్చోవలసింది ఇంజనీరు కాదు, ప్లాంటులో డిస్పాచ్ చూసే మనిషి. ఏ డ్రైవరు ఏ బండి మార్చుకుని వెళ్లాడో, ఏ ఏజెంటు కౌంటు ఎలా రాస్తాడో తెలిసింది ఆయనకే. ఆయన ఒక జత ఖాయం చేస్తే అది కూడా ఒక వాంగ్మూలంగానే, ఆయన పేరుతో, నొక్కిన సమయంతో, మిగతావాటి కింద ఇంకో వరసగా చేరుతుంది.